కల్లు కంపు కొట్టే గొట్టం

అరకులోయ పాత చర్చిలో పైపు ఆర్గన్ విప్పి బాగుచేస్తున్న మిస్త్రీ, ఒక పొడవాటి గొట్టం వాసన చూసి, చర్చి ఊడ్చే ముసలమ్మ వైపు తిరిగాడు.

“ఛీ! ఇదేంటమ్మా, కల్లు కంపు?”

“మా సంఘపెద్ద పనే, బాబూ. సెట్టెక్కే బద్ధకంతో దీన్ని ఊడదీసి జీలుగుసెట్టుకి కట్టీసినాడు. కల్లు కిందికి కారాలని.”

“దేవుడి గొట్టాన్నా!”

“ఇక్కడ శవం గుమ్మం దాటేదాకా మోగించేది ఈ గొట్టాన్నే. మా ముసిలోణ్ని ఆ మోత లేకుండానే మోసుకుపోనారు. తూ!”

“ఆ పెద్దమనిషి ఏడి?”

“నిన్న సచ్చినాడు. ఇయ్యాల మద్దేనం సాగనంపుతారు.”

“అయితే దీన్ని రేపు బిగిస్తాలే.”

“వొద్దు బాబూ, ఇప్పుడే బేగి బిగించు. ఆడి పెళ్లాం నాలాగ గుమ్మం కాడ సెవులు రిక్కించుకుని నిలబడకూడదు.”