భాగించేదేదో తెలియని సంఖ్య

నా ఈ వీడ్కోలు సభకు అధ్యక్షత వహించిన మా విభాగాధిపతి ఫెనెలా బ్రాడ్‌బెంట్ గారికి, ముందు వరుసలో ఓపిగ్గా కూర్చున్న పెద్దలకు, వెనక వరుసలో లామింగ్టన్ కేకులు అప్పుడే మొదలుపెట్టిన మిత్రులకు నమస్కారం. (నవ్వులు) తినవయ్యా హేమిష్, నేను చూడట్లేదు.

హోబర్ట్‌లో కూర్చుని ఇరవై ఏళ్లు ఒకే ఒక్క సంఖ్య వెంట పడిన మనిషి అని ఫెనెలా గారు నన్ను పొగిడారు. పడిన మాట నిజమే గానీ ఒక్కదాన్నే పడలేదు, పక్క గదిలో క్లైవ్ ట్రెగెన్జా కూడా ఉండేవాడు. రెండు వందల పైచిలుకు అంకెల సంఖ్య అది. ప్రధాన సంఖ్య కాదని మొదటి రోజే తేలిపోయింది. ఆ పరీక్ష చిత్రమైనది, దీన్ని నిశ్శేషంగా భాగించే సంఖ్యలు ఉన్నాయని ఒట్టేసి చెబుతుంది, అవేమిటో మాత్రం చెప్పదు. మా ఇద్దరి తిప్పలూ ఆ చెప్పనిదాని కోసమే.

ఒక జులై ఉదయం, మన దక్షిణార్ధగోళపు నడి చలికాలంలో, మంచు పడి కొండ రోడ్డు మూసేసిన రోజు, క్లైవ్ తలుపైనా తట్టకుండా వచ్చేశాడు. "మెర్ల్, దొరికింది. కోటేసుకో, స్కాలప్ పై తినిపిస్తాను," అన్నాడు. రేవు దగ్గర నిలబడి ఆల్చిప్పల మాంసం కూరి కాల్చిన ఆ వేడివేడి పైలు తిని, చేతులు తుడుచుకుంటూ తిరిగొచ్చి భాగించి చూస్తే, శేషం మిగిలింది. సంఖ్యను యంత్రానికి ఎక్కించేటప్పుడు మధ్యలో ఒక అంకె జారవిడిచాడు మహానుభావుడు. మేం విడగొట్టింది వేరే ఏదో సంఖ్యని. (నవ్వులు) "పోనీలే, దాని పనైనా అయింది," అన్నాడు. అంతగా నవ్విన రోజు నాకు మళ్లీ రాలేదు.

క్లైవ్ వీడ్కోలు కూడా ఈ గదిలోనే జరిగింది. "ఎప్పుడైనా రా, మేమంతా ఉన్నాం కదా," అన్నాం. వచ్చాడు. ఒకసారి మేం పేపర్లు దిద్దుతున్నాం, ఇంకోసారి సమావేశంలో ఉన్నాం, మరోసారి ఒక్కడే టీ తాగి, కప్పు కడిగిపెట్టి వెళ్లాడట. తర్వాత రాలేదు. నిరుడు చలికాలంలో పోయాడు.

ఆ భాగించేదాన్ని ఇంకా వెతుకుతున్న యంత్రాన్ని ఆపకుండా చూసుకుంటానని హేమిష్ మాటిచ్చాడు, అతనికి ధన్యవాదాలు. సంఖ్యకేం, దానికి తొందరా లేదు, బెంగా లేదు. బెంగ నాకే. ఇంట్లో నాతో మాట్లాడేది రేడియో ఒక్కటే, అదీ నేను పెడితేనే.

ఇందాక మీరంతా వరసగా నా చేయి పట్టుకుని, "ఎప్పుడైనా రండి మెర్ల్ గారూ, మేమంతా ఉన్నాం కదా," అన్నారు. ఉన్నారు, నాకు అనుమానం లేదు. ఉన్నారని తెలిసినంత మాత్రాన దొరికినట్టు కాదు. అందుకని సిగ్గు విడిచి అడుగుతున్నాను, ఎవరో ఒక్కరు, ఒక్కరు చాలు, ఇంటికి వెళ్లేలోపు నా దగ్గరికొచ్చి మంగళవారమో, గురువారమో, ఏ రోజు రావాలో చెప్పండి. నేను తలుపు దగ్గరే నిలబడి ఉంటాను.

అందరికీ కృతజ్ఞతలు. సెలవు.