ఏనుగు మొత్తం పట్టే లెన్సు

మధ్యాహ్నం వేళ కెమెరాల దుకాణంలోకి ఆమె ఒక్కతే వచ్చింది. పెద్దాయన గాజు బల్ల మీద మూడు పొడవాటి లెన్సులు వరసగా పెట్టాడు.

"సఫారీకి అన్నారు కదమ్మా. పక్షులకా, జంతువులకా?"

"ఏనుగుకి. ఒక్క ఏనుగుకే. అన్నిటికంటే దూరం లాగేది ఇవ్వండి."

"ఆరువందల మిల్లీమీటర్లది ఉంది. కానీ ఏనుగుకి అంత దేనికి? అదేమన్నా పిచ్చుకా? రెండువందలది చాలు."

"పోయినేడు మా ఆయనకీ మీరు అదే చెప్పారు."

"గడ్డం ఆయనేనా? గంటసేపు బేరమాడి, నన్ను నవ్వించి వెళ్ళారు. బాగున్నారా?"

"ఆ లెన్సులో ఏనుగు చిన్నగా కనిపిస్తోందని జీపు దిగారట. మళ్ళీ ఎక్కలేదు."

పెద్దాయన చేతిలోని గుడ్డ బల్ల మీద పడిపోయింది.

"అమ్మా, నా నోటితో నేనే చెప్పాను..."

"మిమ్మల్ని అనడానికి రాలేదండీ. కెమెరా దొరికింది. చివరి ఫొటో నిండా దాని కన్ను ఒక్కటే ఉంది. అప్పట్నుంచి నేను కళ్ళు మూసుకుంటే చాలు, అదే నన్ను చూస్తుంటుంది. దాన్ని ఒక్కసారి దూరం నుంచి, తొండం మొదలు తోక దాకా చూడాలి. అప్పుడైనా అది నాకు ఉత్త ఏనుగులా కనిపిస్తుందేమో."

ఆయన ఆరువందల లెన్సు తీసి లోపల పెట్టేశాడు.

"దాంతో మళ్ళీ ముఖమే పడుతుందమ్మా. ఈ నాలుగువందలది తీసుకోండి. వంద గజాల నుంచి మొత్తం పడుతుంది. జీపు మాత్రం దిగనని నాకు మాటివ్వండి."

"ఇస్తానండీ. ఆయనా నాకు ఆ మాట ఇచ్చే వెళ్ళారు."