రేసుకు పోయిన కొండ డ్రైవరు

రా రాజులన్నా, కూర్చో. ఆ బల్ల మీద వద్దు, అది ఊగుతాది, ఇట్ల కూర్చో. పంకజక్కా, అన్నకి చక్కెర లేకుండా ఒగ టీ పెట్టు. అన్నా, ఏ మాటా చెప్పకముందే నీకొగ దండం పెట్టుకోవాల నేను. బాత్రూములో జారిపడి కాలిరిగి ఎనిమిది నెలలు మంచంలో ఉంటిని గదా, ఇంకో ఓనరైతే నా బండిని ఎవురి చేతిలోనో పెట్టేసి నన్ను మర్సిపోయుంటాడు. నువ్వు పెట్టలే. బదిలీ డ్రైవర్లతో ఎట్లో నెట్టుకొస్తివి గానీ, ఇది మునిచంద్ర బండి అనే మాట మార్చలే. ఈ పొద్దు తాళం తీసుకోని మా టాక్సీ స్టాండు దాకా వచ్చినావు సూడు, నాకు కండ్లల్లో నీళ్ళొస్తా ఉండాయి.

“నేనొచ్చింది తాళం ఇచ్చేదానికి కాదు మునిచంద్రా, ఇయ్యాల్నా వద్దా అని తేల్చుకునేదానికి. కొండకి, సామి దర్శనానికి జనాన్ని ఎక్కించుకోని పోయే బండి అది. నీ కుడికాలు బ్రేకు మీద నిలబడతాదా లేదా, అది చెప్పు.”

అదే చెప్తా ఉండాన్నా, ఆడికే వస్తా. తాళం బల్ల మీద పెట్టు, దాన్నేమీ నేను ముట్టుకోను. ఊరికే చెప్తే నమ్మవని మన మెకానిక్కు పాల్‌ని గూడా షెడ్డు మూసేసి రమ్మంటిని, సాక్షికి. పాలూ, నువ్వు టీ తాగు. నేను అడిగినప్పుడు అవునను, సాలు.

నా కాలికి కసరత్తు చేయించిన డాక్టరమ్మ ఉండాదే, ఐశ్వర్యమ్మ, చిత్తూరు పిల్ల, ఆ తల్లి చెయ్యి పడకుంటే నా కాలు ఈ పొద్దుకీ కట్టె మాదిరిగా ఉండేది. నా బిడ్డ వయసు ఆయమ్మది, అయినా కనపడినప్పుడల్లా చేతులెత్తి మొక్కుతా. ఆయమ్మకి ఒగ పిచ్చి ఉండాది. అప్పుడప్పుడూ ఆదివారం పొద్దు సొంత కారేసుకోని మద్రాసు పక్కనుండే రేసు ట్రాకుకి పోతాది. ఆడికొచ్చేది పెద్ద పెద్ద రేసుగాళ్ళు కాదు, డాక్టర్లు, కంప్యూటరోళ్ళు, బట్టలంగడోళ్ళు, మన మాదిరి మామూలు మనుషులే, ఎవురి కారు వాళ్ళు తోలుకుంటారు. ఆయమ్మ కారుకి పాలే మెకానిక్కు. ఒగ దినం కాలికి పట్టీ కడతా ఆయమ్మే అనింది, మునిచంద్రన్నా, నీ కాలిని రోడ్డు మీద పరీక్ష పెడితే జనానికి ప్రమాదం, ట్రాకుకి రా, ఆడ ఎదురు బండి రాదు, ఆవు అడ్డం పండుకోదు, ఒగ సుట్టు తోలి సూడు అని. కన్నోళ్ళు గూడా అంత ఆలోచన చెయ్యరన్నా.

ఆ పందేన్ని స్ప్రింటంటారు. అందురూ ఒగేసారి ఉరికేది కాదు. ఒక్కొక్క బండే పోవాల, గడియారంతోనే పోటీ. ఎవురు తక్కువ టైములో సుట్టి కడాకుండే గీత దాటితే వాళ్ళు గెలిచినట్టు. ఆయమ్మ బండికే నా పేరు గూడా రాయించింది. నేనూ ఒగ సుట్టు తోలినా. అంతేన్నా, ఏదో రవంత తోలినా. గొప్పలు చెప్పుకునే బుద్ధి నాకు లేదు, ఈ స్టాండులో అందురికీ తెలుసు.

“తెలుసులేప్పా, చెప్పు.”

అదో, పంకజక్క గూడా ఒప్పుకునింది. ఆస్పత్రికి దినానికి మూడు తూర్లు రాగిసంకటి మోసుకొచ్చిన తల్లి, ఆమె నోట్లోంచి అబద్ధం రాదు.

జెండా దించినారు. కాలు పెట్టినా. పెట్టీ పెట్టకముందే బండి పోయింది. మొదటి మలుపు వచ్చింది. మన కొండ దావలో మలుపులు తిప్పి తిప్పి అరిగిన చేతులివి, నాకు అదొగ మలుపా? ఒగ చేత్తో తిప్పినా, ఇంకో చెయ్యి కిటికీ మీదనే ఉండాది. ఆ గాలికి ఆడ జెండా పట్టుకోనుండే అబ్బోడి టోపీ లేచి పోయింది. వాడింకా ఎతుకుతానే ఉండాడంట. ఏం పాలూ, అవునా కాదా?

“నేను టైర్ల కాడ ఉండాన్నా. సూళ్ళేదు.”

సూళ్ళేదంట. ఎట్ల సూస్తాడన్నా, అంత స్పీడులో పోతా ఉంటే ఎవురికి కనపడతాది?

ఆ తర్వాత ఏమైందో తెలుసా? మీటరు ముల్లు ఉండాదే, అది కడాకు పోయి తట్టుకునింది, ఇంగ పోయేదానికి దానికి చోటు లే. నేను వదుల్తానా? ఎనిమిది నెలలు మంచంలో దాచిపెట్టుకున్న బలమంతా కాల్లోనే ఉండాది గదా. తొక్కినా. ముల్లు పాపం ఏం చేస్తాది, సున్నా కాడికి తిరిగొచ్చి రెండో సుట్టు మొదులు పెట్టింది. మూడో సుట్టుకు దానికి ఓపిక లేక కిందికి వాలిపోయింది. ఆ మీటరు చేసినోడు ఎవురో గానీ వాడి చేతులకి మొక్కాల, అంత దూరం తిరిగేటట్టు చేసినాడు.

“కాలు తీయనేలేదా నువ్వు?”

తీసేదేందన్నా. నువ్వు నమ్మి ఎదురుసూసిన కాలు ఇది, దీని మర్యాద నిలబెట్టాలా వద్దా? టీ తాగన్నా, పక్కన పెట్టేసినావేంది, ఆరిపోతాది.

మూడో మలుపు కాడ ఏమైందంటే, నా ముందర ఒగ తెల్ల కారు పోతా ఉండాది. ఒక్కొక్క బండే పోవాలని చెప్పిరే, ఈడెవుడ్రా నా ముందర అనుకుంటి. దగ్గిరికి పోయి సూస్తే వెనకద్దం మీద ఐశ్వర్యమ్మ కారుకుండే ఎర్ర స్టిక్కరే. నంబరు సూసినా. మన నంబరే. అన్నా, అది నా బండే. నేను అంత బిరబిరా సుట్టుకొచ్చేసరికి నా బండి వెనక భాగం ఇంకా ముందర పోతానే ఉండాది. హారను కొట్టినా. ఆ ముందర బండిలో కూర్చోనుండేవాడు, అంటే నేనే, అద్దంలో సూసి ఎవురికో తొందర ఉన్నట్టుందని పక్కకి తప్పుకోని సైడిచ్చినా. దాటేటప్పుడు నాకు నేనే చెయ్యెత్తి మొక్కినా. సైడిచ్చినోడికి మొక్కకుండా పోతే మనం మనుషులేనా?

“నువ్వు నీకే సైడిచ్చినావా?”

ఇచ్చినాక్కా. నవ్వబాకు. ఇంగా ఉండాది విను.

ఆడ అందురూ గడియారాలు పట్టుకోని నోరెళ్ళబెట్టి నిలబడుకోనుంటే ఆఫీసు గదిలో ఫోను మోగింది. యాడ నుంచనుకున్నావు? శ్రీహరికోట నుంచి. ఎవురప్పా మమ్మల్నడక్కుండా రాకెట్టు వదిలింది, మాది ఇంకా లెక్కపెడతానే ఉండాము, పది కాడ నుంచి తొమ్మిదికి గూడా రాలేదు, మీది అప్పుడే మా తెర మీద కనపడి పోయింది అని ఒగటే అడగడం. అది రాకెట్టు కాదు సార్, తిరుపతి టాక్సీ డ్రైవరు మునిచంద్ర అని చెప్పినారంట. అట్లనా, ఆయన కాలు బాగైందా, సంతోషం అని ఫోను పెట్టేసినారు. సూడన్నా, అంతంత పెద్దోళ్ళు గూడా నా కాలు గురించి అడిగినారు. ఎంత మంది దయ నా మీద.

“బ్రేకు సంగతి నువ్వు చెప్పనేలేదు మునిచంద్రా.”

ఆడికే వస్తా ఉండాన్నా, కడాకు పెట్టుకున్నా దాన్ని. తాళం ఏంది, జేబులో ఏసుకుంటావు? బల్ల మీద బాగానే ఉండె గదా. సరే, జేబులోనే పెట్టుకో, జేబు గూడా నీదే.

నాలుగో మలుపు తిరిగినాక, నీ మీదొట్టు, గడియారం ఎనక్కి తిరగబట్టింది. గీత దాటి సూస్తే నా పందెం ఇంకా మొదులే కాలే. జెండా దించేవాడు ఇంకా జెండా ఎత్తనేలేదు. నేను పోకముందే వచ్చేసినా అన్నా. ఆపుదామంటే బండి ఆగితే గదా, అట్నే ఎనక్కెనక్కి పోయి ముందు దినం పొద్దులో పడినా. యాడ తేలినాననుకుంటివి? నగరిలో, ముందు దినం మేము టీ తాగిన అంగడి కాడ. ఆడ ఐశ్వర్యమ్మ ఉండాది, నేనూ ఉండా, పాల్ బన్ను ముంచుకోని తింటా ఉండాడు. పాలూ, ఆ రెండో బన్ను తినద్దు, పొద్దున్నే నీకు కడుపు నొస్తాది అని కిటికీలోంచి అరిచినా. విన్లే. కడుపు నొచ్చిందా లేదా పాలూ?

“కడుపు నొచ్చిన మాట నిజమేన్నా.”

అదో, సాక్షం. ఇంగేం గావాల? అన్నా. ఏందన్నా లేచినావు? కూర్చోన్నా, టీ గూడా తాగలే.

“మునిచంద్రా, నీ కాలు బాగైంది, నాకు సంతోషమే. నా బండికి మాత్రం నువ్వొద్దు. తొక్కినా తొక్కినా అంటా ఉండావే గానీ, ఆపినా అనే మాట ఒగటి గూడా రాలే నీ నోట్లోంచి. కాలు తీయనోడి చేతికి కొండకి పొయ్యే జనాన్ని నేను అప్పజెప్పలేను.”

అది కాదన్నా. అదేదో మాట వరసకి. రాజులన్నా, నేను ఇరవై ఐదేండ్ల నుంచి ఈ కొండ దావ తప్ప ఇంకో దావ ఎరగను. ఎనిమిది నెలలు మంచంలో పడుకోని ఆ మలుపులే లెక్కపెట్టుకుంటా ఉంటి. బండి లేకుంటే నేను ఈ అంగడి కాడ కూర్చోని కతలు చెప్పుకునేదానికి తప్ప దేనికీ పనికిరానన్నా. పోవద్దు. పాలూ, చెప్పరా అన్నకి, ఏదో ఒగటి చెప్పు.

“చెప్తా. రాజులన్నా, రెండు నిమిషాలు కూర్చో. ఈయన్న తన నెత్తిన నా చెయ్యి పెట్టించి చెప్పనని ఒట్టేయించుకున్నాడు. ఇంగ నా వల్ల కాదు.

“ఈయన్న బాగానే బయలుదేరినాడు. టోపీ గీపీ ఏమీ లేవలేదు. ఒగ్గ మలుపులో గూడా టైరు గీత దాటకుండా, మన కొండ బండి ఎట్ల పోతాదో అట్ల పోయినాడు. మెల్లగానే, అయినా సక్కంగా. డాక్టరమ్మ సప్పట్లు గూడా కొట్టింది. కడాకు నేరుగా ఉండే రోడ్డు మీదికి వచ్చినాడు. గీత కనపడతా ఉండాది, జెండాలు పట్టుకోని ఇద్దురు నిలబడుకోనుండారు. ఆడ ఆపేసినాడన్నా. గీతకి ఇవతల. బండి పక్కకి తీసి, నాలుగు దీపాలూ ఏసి, చేతి బ్రేకు లాగి, కిందికి దిగినాడు. టైరు కింద పెట్టేదానికి రాయి ఎతికినాడు. రేసు ట్రాకులో రాయి యాడ దొరుకుతాది? నెత్తిన ఉండే హెల్మెట్టు తీసి టైరు కింద పెట్టినాడు. పెట్టి, గోడ నీడలో కూర్చున్నాడు.

“గడియారం తిరగతానే ఉండాది. బండి చెడిపోయిందని మేమందురమూ ఉరికితిమి. ఏమైందన్నా అంటే, ఏం కాలేదు పాలూ, రవంత తొందరగా వచ్చేసినా, టైము కాలేదు, ఇప్పుడు గేటు కాడికి పోతే ఫైనేస్తారు అన్నాడు. మీకు తెలిసిందే గదా, కొండ దావలో కింది గేటు కాడ టైము ఏసి పంపిస్తారు, దానికంటే ముందే పై గేటుకి చేరితే స్పీడు తోలినట్టు లెక్క. అందుకని ముందొచ్చిన బండ్లు గేటుకి ఇవతల ఆపుకోని టైము కానిస్తాయి. ఈయన్న ఇరవై ఐదేండ్లుగా చేసిన పనే ఆడా చేసినాడు. ఆ జెండా పట్టుకున్న తమిళోడొగడు దాన్ని ఊపతా పో పో అంటా ఉంటే, వాణ్ణి గూడా కూర్చోమన్నాడు. మా రాజులన్న బండికి నా చేతిలో ఒగ్గసారి గూడా ఫైను పడలేదప్పా, ఆయన పేరు నేను చెడగొట్టను అని వాడికి తెలుగులో చెప్పినాడు. అది డాక్టరమ్మ బండనే సంగతి గూడా మర్సిపోయినాడు. ఆ దినం వచ్చినోళ్ళందరిలోకీ ఈయన్నే కడ.”

పాలూ.

“మునిచంద్రా, నన్ను సూడు. నిజమేనా?”

నిజమేన్నా.

“బ్రేకు ఎట్ల పడింది?”

ఒగే తడవకు పడిందన్నా. నేను తొక్కాలని అనుకోనేలేదు, కాలే పోయి దాని మీద కూర్చునింది. నొప్పి లే. బండి ఆడనే నిలబడిపోయింది, కదల్లే.

“మరి ఈ మాట మొదుట్నే చెప్పేదానికేం నీకు?”

సిగ్గన్నా. రేసుకు పోయి కడాకు వచ్చినానంటే స్టాండంతా నవ్వుతాది. నువ్వు గూడా ఈడి పని అయిపోయింది, ముసిలోడైనాడు అనుకుంటావని బయపడినా. నీకు స్పీడుగా తోలేవోడు కావాలనుకుంటి.

“నాకు అట్ల కడాకు వచ్చేవోడే కావాల్రా. ఇదో తాళం. రేపు తెల్లారి రైలు స్టేషను కాడ నగరి నుంచి నలుగురు ముసిలోళ్ళు దిగతారు, కొండకి తీసకపో. ఎంత సేపైనా కానీ.”

అన్నా. పంకజక్కా, ఏడుస్తావెందుకు, నేనే ఏడవకుండా ఉంటే. ఐశ్వర్యమ్మకి ఫోను చేసి చెప్పాల, ఆ తల్లికి చెప్పాల ముందు. పాలూ, ఇట్ల రారా, దగ్గిరికి రా. నా కోసం ఒట్టు తప్పినావు గదరా. నీ కడుపు సల్లగుండ.