తెల్లబడ్డ పగడం

జగ్గయ్యపేట ఊరి చివర తిరుపతిరావు ఇల్లు. అరుగు మీద ఆయన, గుమ్మంలో ఆయన చనిపోయిన తమ్ముడి భార్య ప్రమీలారాణి, మెట్ల కింద నందిగామ బస్సు దిగి వచ్చిన ఒక అమ్మాయి.

“కీసర అన్నావ్, అక్కడ ఎవరింటి పిల్లవమ్మాయ్?”

“చర్చి వెనక బజారండీ.”

“చర్చి వెనకా. ఓహో. నీకూ కంప్యూటరు పనేనా?”

“అవునండీ. నందిగామ ఆఫీసులో మీ ఆమని వాళ్ళ టీముకి లీడర్నండీ. నా పేరు కృపాజ్యోతి. పనిలో తప్పులొస్తుంటే చూద్దామని వచ్చా.”

“మా పిల్ల మీద నువ్వు లీడరువా. బాగుంది. ప్రమీలా, ఆ ప్లాస్టిక్ కుర్చీ ఇక్కడ వెయ్యి ఈ అమ్మాయికి.”

“లోపలికి రానీండి బావగారూ. కంప్యూటరు గదిలో ఉంటే అరుగు మీద కూచుని ఏం చేస్తది?”

“నీ కూతుర్నే బయటికి రమ్మను. దాని మొహం చూసి ఎన్నాళ్ళయింది? మంగళవారం పెళ్ళివారొస్తుంటే గదిలో పడి ఏం చేస్తున్నట్టు?”

“బయట చేరిందని చెప్పాగా బావగారూ.”

“ఇంకానా?”

“ఇవాళ తలకి పోసుకుంటది. మీరు ఆ గేదెని చూడండి, తాడు తెంపుకునేట్టుంది.”

“చూస్తాలే. అమ్మాయ్, త్వరగా తేల్చుకుని వెళ్ళు. ఇంట్లో బోలెడు పనులున్నయ్.”

గదిలో, తలుపు వేశాక.

“కూచో అమ్మా. ఇదే కంప్యూటరు.”

“ఆమని ఏదండీ?”

“స్నానానికి వెళ్ళింది.”

“ఎంతసేపయింది వెళ్ళి?”

“చాలాసేపయింది. తలంటుగా.”

“ఆమని పేరు పక్కన పచ్చ లైటు వెలుగుతుంటే మీ గేటు దగ్గర నిలబడి ఫోన్లో చూశానండీ. మీటలు నొక్కుతుంటేనే వెలుగుద్ది అది. కుర్చీ కూడా ఇంకా వెచ్చగానే ఉంది. ఈ కళ్ళజోడు ఎవరిది?”

“నాదే. మర్చిపోయి ఇక్కడ పెట్టా.”

“సరేలెండి. ఈ ఫొటో చూడండి. సముద్రం అడుగు. పడవ కింద కెమెరా కట్టి దీవుల చుట్టూ తిప్పుతారు. ఆ ఫొటోల మీద చుక్కలు పెట్టి మాకు పంపుతారు. ఏ చుక్క కింద ఇసుకుందో, రాయుందో, పాచుందో...”

“పగడముందో. తెలుసమ్మా.”

“తెలుసా?”

“అంటే, ఆమని చెబుతుంటే విన్నా. ఆ చుక్కలన్నీ కలిపి సముద్రం అడుగుకి పటం గీస్తారంటగా. పగడాలున్న చోట పడవలు లంగరు వెయ్యకుండా.”

“అవునండీ. ఈ వారం తెల్లటి పగడాలు చాలా వచ్చినయ్. ఆమని వాటన్నిటికీ ‘బాగున్న పగడం’ అని పెట్టింది. ఒక్కటి కూడా వదల్లేదు.”

“తెల్లగా ఉంటే బాగున్నట్టేగా.”

“ఎవరు చెప్పారు?”

“ఒకరు చెప్పాలా? చేలో పత్తి తెల్లగా విచ్చితే పంట చేతికొచ్చినట్టే. ఇదీ అట్లాగే విచ్చిందేమో అనుకు...”

“అనుకున్నారా?”

“అనుకునుంటది. ఆమని.”

“నీళ్ళు వేడెక్కితే పగడం తెల్లబడుద్దండీ. అది జబ్బు. మా అమ్మ మిర్చి కల్లాల్లో తాలు కాయలు ఏరేది, నాకేమో తెల్లగా కనపడితే చాలు తాలే అనిపిస్తది. నేను చచ్చిందని పెట్టా. నన్ను దిద్దింది ఎవరో తెలుసా? ఆమనే. ‘ఇది ఇంకా చావలేదు జ్యోతక్కా, నీళ్ళు చల్లబడితే మళ్ళీ రంగొస్తది, దీనికి వేరే మీటుంది’ అంది. అంత తెలిసిన పిల్ల ఈ పని చేస్తదా?”

“ఒక్కోసారి నిద్రమత్తులో...”

“మీటల మీద ఈ చీటీలేంటి? తెలుగులో?”

“అవా. అవి నా చదువమ్మా. నాకు అక్షరాలు వచ్చేవి కావు. పగలు పని చేసుకుంటా, నన్ను పక్కన కూచోబెట్టుకుని నేర్పింది. ఇసుక, రాయి, పాచి, పగడం. అవే నా పెద్దబాలశిక్ష.”

“తెల్లబడ్డదాని మీటకి చీటీ లేదే?”

“అది నేర్పే లోపలే...”

“నేర్పే లోపలే?”

“మంచినీళ్ళు తాగుతావా?”

“ఆమని ఎక్కడుందండీ?”

“గట్టిగా అనకమ్మా.”

“మీరు చెప్పకపోతే నేను ఆఫీసులో చెప్పాల్సొస్తది. ఒకరి పని ఇంకొకరు చేస్తే ఊరుకోరు. ఇంటికి ఫోన్ చేస్తారు. ఆమని ఇచ్చిన నంబరు మీ బావగారిది.”

“అంత పని చెయ్యకు తల్లీ. నీ కాళ్ళు పట్టుకుంటా...”

“లేవండి. ముందు పైకి లేవండి.”

“తెల్లవారుజామున లేచి చూస్తే పక్క ఖాళీగా ఉంది. చెప్పి పోలేదు. చెబితే నేను ఏడుస్తానని, నా ఏడుపు బావగారు వింటారని. ఈ మిషను మాత్రం వెలుగుతా ఉంది. బావగారు లేచే వేళయింది. మీటల చప్పుడు వినపడకపోతే తలుపు తోస్తారు. ఏం చెయ్యను? కూచుని నొక్కా. ఆ రోజు నుంచీ నొక్కుతానే ఉన్నా.”

“ఎవరితో వెళ్ళిందో తెలుసా?”

“రత్నం అని ఎవరో. ఒకసారి ఫోన్లో పిలుస్తుంటే విన్నా. మీవాళ్ళ అబ్బాయే అనుకుంటా. అన్నానని ఏమనుకోకు.”

“మీకు ఇష్టమేనా అది?”

“నా ఇష్టం ఎవరడిగారమ్మా ఇంతవరకూ? ఇష్టమో కాదో నాకే తెలీదు. ఆయనకి దొరక్కూడదు, అంతే. చెయ్యెత్తితే ఆగే మనిషి కాదు. అందుకే అన్నం రెండు పళ్ళేల్లో పెట్టి తెస్తున్నా గదిలోకి, అనుమానం రాకుండా.”

“రెండో పళ్ళెం ఎవరు తింటారు?”

“గేదె కుడితిలో కలుపుతా.”

“మొదటిది?”

“అదీ అందులోకే పోతందిలే.”

“ప్రమీలా. తలుపు తియ్యి.”

“వస్తున్నా బావగారూ.”

“నిన్ను కాదు. ఇందాకణ్ణుంచి మీ ఇద్దరి గుసగుసలే గానీ ఆ పిల్ల గొంతు వినపడదే? ఆమనీ, ఒకసారి ఇటు రా.”

“అమ్మా కృపాజ్యోతీ, నీకు దణ్ణం పెడతా...”

“చూడు ఆమనీ, మీ పెదనాన్న పిలిచినా సరే, ఆ కుర్చీలోంచి లేచావంటే ఊరుకోను. ఏడిస్తే తప్పులు ఒప్పులవుతాయా? చెడగొట్టింది నువ్వు, దిద్దాల్సింది నువ్వే. సోమవారం సాయంత్రానికి ప్రతి ఫొటో సరి చేసి పంపాలి. లేకపోతే ఆఫీసువాళ్ళు ఫైను వేస్తారు, అది మీ పెదనాన్న కట్టాలి. అయ్యా, నేనే కాస్త గట్టిగా తిట్టానండీ. తలెత్తకుండా ఏడుస్తోంది. సోమవారం దాకా ఎవరూ కదిలించకండి.”

“ఫైనా? మనమా కట్టేది?”

“సోమవారానికి అయిపోతే ఏమీ ఉండదండీ.”

“అయితే కూచోనీ. ప్రమీలా, దాన్ని లేవనీకు. మంగళవారం పొద్దునకి మాత్రం మొహం కడుక్కుని చీర కట్టుకుని ఉండాలి.”

“అట్లాగే బావగారూ.”

“వెళ్ళారా అండీ?”

“గేదె దగ్గరికి పోయారు. ఎందుకమ్మా, నీకేం పట్టిందని అన్ని అబద్ధాలు చెప్పావు?”

“ఆమని లేని కుర్చీలో పచ్చ లైటు చూసి హడలిపోయానండీ. మీ బావగారికి తెలిసిపోయి, ఆమనిని పట్టుకోవడానికి ఎవరినో కూచోబెట్టి వల పన్నారేమో అని. మీరు ఎటువైపో తెలీక అట్లా బెదిరించా. ఇదిగో, తెల్లబడ్డదానికి ఈ మీట. ఉండండి, చీటీ రాసి అంటిస్తా.”

“ఇలా ఇవ్వు, నేను రాస్తా. తె... ల్ల... బ... డ... కింద డ ఒత్తేగా?”

“అవునండీ.”

“ఆమని కుర్చీలో లేదని నీకు ముందే తెలుసా?”

“తెలుసండీ.”

“మరి సోమవారం ఏముంది?”

“రిజిస్ట్రారాఫీసులో పెళ్ళి సంతకాలు. అవి అయిపోతే మీ బావగారు ఏమీ చెయ్యలేరు.”

“ఇవన్నీ నీకెవరు చెప్పారమ్మా?”

“ముందు అన్నం పెట్టుకు రండి. నా ఎదురుగా తినండి.”

“నా తిండి గొడవ ఇప్పుడెందుకు?”

“పొద్దున మీ అమ్మాయి ఫోన్లో ఒకటే పోరు పెట్టిందండీ. ‘నేను లేకపోతే మా అమ్మ తినదు, ఒక్కసారి వెళ్ళి చూసి రా వదినా’ అని.”