నిలబడ్డ బండి

టెక్కలి రోడ్డు వారగా అమ్మకానికి పెట్టిన ట్రైలర్ లారీ క్యాబిన్‌లోంచి అతను విసురుగా దిగాడు. కింద అతని అక్క మొగుడు నవ్వుతూ నిలబడి ఉన్నాడు.

"సూసినావా? అరవై వేల కిలోమీటర్లే. కొత్త బండి కింద లెక్క."

"ఇంజిన్ ఆడిన గంటలు కూడా సూసినాను బావా. ఆరు వేలు! గంటకి పది కిలోమీటర్లు. ఇది లారీయా, ఎడ్లబండా?"

"క్వారీ కాడ లోడు కోసం ఆగిపోయీది. నిలబడ్డ బండికి అరుగుదలేటిరా?"

"ఇంజిన్ ఆపినావా? ఏసీ ఏసుకుని తొంగున్నావు. సక్రం తిరక్కపోతే ఇంజిన్ తిరగనేదేటి? నల్లపొగ కక్కుతంది. బయటోడు దొరకనేదని నాకు అంటగడతన్నావా?"

"కదలని బండి అరిగిపోనాదంటే పలాసంతా నవ్వుతాది."

అతనికి పొద్దున్న అన్నం వడ్డించిన అక్క చెయ్యి గుర్తొచ్చింది. గొంతు ఒక్కసారిగా తగ్గింది.

"మా అక్క నీ గడప దాటి ఎక్కడికీ ఎల్లనేదు బావా. కూకున్న కాడే జీడిపిక్కలు కొడతాది. జీడినూనెకి ఏళ్ళమీద గీతలన్నీ సెరిగిపోనాయి. రేషను కాడ మిషను దాని ఏలిముద్రే పట్టడంనేదు. కదలనేదు కదా... అరగనేదంటావా?"