అప్ అంటే పైకి

ఆదోనిలో ఒక మిద్దె ఇల్లు. పైవాటా గడపలో ఇంగ్లీషు టీచరు శ్వేత. మెట్లెక్కి వచ్చింది కింది వాటాలో ఉండే ఆమె మరిది భార్య మేరి.

"లోపలికి రావద్దు మేరీ, బండలు ఇప్పుడే తుడిపించినా. ఆడే నిలబడి చెప్పు."

"ఒక్క మాట అడిగి పోతానక్కా. గివ్ అప్ అంటే ఏంది?"

"మళ్లా మొదటికొచ్చినావా? చెప్పి చెప్పి నా నోరు నొప్పి పుట్టింది. అప్ అంటే ఏంది?"

"పైకి."

"గెట్ అప్?"

"పైకి లెయ్."

"కమ్ అప్?"

"పైకి రా."

"గివ్ అప్?"

"పైకి ఇయ్యి. అట్లనే కదక్కా నువ్వు నేర్పింది? నేను కింద, నువ్వు మిద్దె మీద. నేను పనికి పోయేటప్పుడు నా బిడ్డ కెజియాను పైకి ఇచ్చి పోతా. అదే కదా వీడియోలో నేను సెప్పింది?"

"తెలిసే ఉంది కదా, ఇంకేం? పో, నాకు పేపర్లు దిద్దేది ఉంది."

"అది కాదక్కా. పక్కింట్లో షహనాజ్ ఉంది సూడు, ఇంటర్ చదివే పిల్ల. నా ఇంగ్లీషు విని పడీపడీ నవ్వింది. గివ్ అప్ అంటే పైకీ లేదు, కిందికీ లేదంట. వదులుకునేదంట."

"ఓహో. ఇప్పుడు ఆ పిల్ల నాకు పాఠం చెప్తాదా?"

"తప్పయితే తప్పని సెప్పు, నేనే పోయి దాని నోరు మూయిస్తా. మీ స్కూల్లో ఆయా పని ఇప్పిస్తానని నాతో వీడియో తీస్తివి కదా. ‘పనికొస్తే బిడ్డను ఎవరు చూసుకుంటారని మా సారు అడుగుతాడు, ఇట్ల చెప్పు’ అంటివి. ఐ గివ్ అప్ మై డాటర్ టు మై సిస్టర్. డాటర్ అనేది నోరు తిరగలేదని మళ్లా మళ్లా సెప్పిస్తివి."

"బాగానే చెప్పినావులే. ఆఖరికి నవ్వుకుంటా చెప్పినావు."

"మరి సారు ఏమన్నాడు?"

"ఏ సారు?"

"ఏ సారేందక్కా! మీ స్కూలు సారు. నా వీడియో సూపిస్తానంటివే."

"ఆయా పనికి మనిషి ఎప్పుడో కుదిరింది. దాని మీద ఆశ పెట్టుకోవద్దు."

"ఎప్పుడో కుదిరిందా? అయితే ఆ వీడియో... ఎవరికి సూపిచ్చినావు?"

"ప్రదీప్‌కు పంపినా."

"మా ఆయనకా? బెంగళూరుకా? ఆయనకెందుకు?"

"ఎందుకేంది? వాని కూతురు కాదా?"

"అందుకేనా నా ఫోను ఎత్తడం లే! డ్యూటీలో ఉండాడేమో అనుకొంటి. ఏమని సెప్పినావక్కా ఆయనకు?"

"నేనేం చెప్పలే. మీ బావ చెప్పినాడు. ‘నీ పెండ్లాం బిడ్డను మాకు వదిలేస్తానంటాంది, బలవంతం ఏమీ లేదు, నవ్వుకుంటా చెప్తాంది, నువ్వే చూసుకో’ అని. ప్రదీప్ ఆడ ఆఫీసులో సెక్యూరిటీ కదా, ఆ మాత్రం ఇంగ్లీషు వానికి తెలుస్తాది."

"వదిలేస్తాననా? నేనా? అంటే... అంటే షహనాజ్ సెప్పింది నిజమేనా?"

"ఫ్రేజల్ వర్బ్ అంటారు మేరీ దాన్ని. తెలుగులో లేదా ఏమి? తీసుకున్నారంటే ఒకటి, తీసేసినారంటే ఒకటి. వెనకాల చిన్న ముక్క మారితే మాట మొత్తం తిరగబడుతుంది. గివ్ అంటే ఇచ్చేది. దానికి అప్ తగిలిస్తే పైకి ఇచ్చేది కాదు, వదులుకునేది. ఆ పాఠం నీకు నేర్పలేదు."

"నీ పాఠానికి మన్ను పొయ్య! నీ నోట్లో మన్ను పొయ్య! కావాలనే సేసినావా?"

"అరవద్దు. వీధిలో వాళ్లు వింటారు."

"విననీ! నీకు పిల్లలు లేరని నా బిడ్డను నేనే కదా నీ సంకలో పెట్టింది? ఇంగ్లీషు అలవాటు కావాల, నువ్వొచ్చి చెడగొట్టొద్దు అంటివి. సరేనని రాత్రిళ్లు కూడా ఈడే పండుకోబెడితి. బిడ్డ లేక నాకు నిద్ర పట్టకపోయినా కిందనే పడుంటి. పాపం అక్క అనుకుంటి కదే!"

"అదే. ఆ ‘పాపం అక్క’ అనే మాటే. నీళ్ల కాడ పాపం అక్క, అంగడి కాడ పాపం అక్క. చర్చిలో లేచి నిలబడి, మా అక్క కడుపు పండాలని అందరితో ప్రార్థన చేయించినావు. నా క్లాసు పిల్లల తల్లులు కూర్చోని ఉన్నారు ఆడ. అందరూ వెనక్కి తిరిగి నన్ను చూసినారు. నా తల ఎక్కడ పెట్టుకోవాలో తెలీలే."

"నీ మంచి కోరి సేసినా గదక్కా!"

"నేనూ కెజియా మంచి కోరే చేసినా. నీ దగ్గరుంటే ఏముంది? పత్తి చేల్లో గట్టు మీద ఎండలో ఆడుకునేది, అంతే కదా."

"ఆయనతో మాట్లాడతా. ఇంగ్లీషు రాక సెప్పినా, పైకి అనుకొని సెప్పినా అంటా. నన్ను నమ్ముతాడు మా ఆయన."

"చెప్పుకో. మొన్న నాతో ఏమన్నాడో తెలుసా? ‘వదినా, తెలుగులో అంటే నేను తిడతానని, నేర్చుకొని మరీ ఇంగ్లీషులో చెప్పిందా ఆయమ్మ’ అన్నాడు. ఆదివారం వస్తాండాడు, పాస్టరు ముందర బిడ్డ సంగతి మాట్లాడేదానికి."

"అయ్యో దేవుడా! జరుగక్కా. నా బిడ్డను నాకియ్యి. ఆదివారం లేదు, పాస్టరు లేడు, ఇప్పుడే ఎత్తుకొని మా అమ్మోళ్ల ఊరు చిప్పగిరికి పోతా. నీ కాళ్లు పట్టుకుంటా, జరుగు."

"కాళ్లు వదులు. నేనేమన్నా కట్టేసి పెట్టినానా? లోపల బొమ్మలు గీసుకుంటాంది. పిలువు. వస్తే తీసుకపో, నేను అడ్డం రాను."

"నిజంగానా?"

"నిజంగానే. పిలువు."

"కెజియా! ఓ కెజియా! రా బంగారూ, అమ్మ వచ్చినా సూడు. మన ఇంటికి పోదాం రా. నీకు ఉగ్గాని సేసి పెడతా, రాత్రికి నా పక్కలోనే పండుకుందువు, రా తల్లీ!"

"కెజియా, ఎవరొచ్చినారో చూడమ్మా."

"మమ్మీ, కింది ఆంటీ మళ్లా వచ్చింది. తలుపెయ్యి మమ్మీ."