కుందేలు డబ్బా

కాదు బావా, నువ్వే చెప్పు. మనిషికి అందమైన చేతిరాత ఉండటం నేరమా? నా అక్షరాలు చూసుకుని నేను రోజూ కాసేపు మురిసిపోతానంటే అది గొప్ప కోసం కాదు. పిల్లల మేలు కోరి. పొద్దున్నే గదిలోకి రాగానే వాళ్ళ కళ్ళకి ఓ మంచి వస్తువు కనపడాలని నా తాపత్రయం. ఆ మంచి వస్తువు నా చేతిరాతే అయితే నేనేం చేయను?

నువ్వు మాట్లాడకు. పళ్ళ మధ్య కుంచె పెట్టుకుని మాట్లాడితే రంగు గొంతులోకి పోతుంది. నిచ్చెన నేను పట్టుకున్నాగా, కదలదు. ఆ మందుల షాపు బోర్డు సంగతి చూడు. నేను చెప్తూ ఉంటా. తల కూడా ఊపకు, గీత వంకరపోతుంది. తర్వాత మా చెల్లి నన్నంటుంది.

అసలు ఏమైందంటే, నాకు జ్వరమొచ్చి మంచమెక్కానా? మా పెద్ద మేడమ్ నా ఒకటో తరగతిని తీసుకెళ్ళి చిన్న టీచరమ్మకి అప్పజెప్పారు. తెలుసుగా, కొత్తగా చేరిన అమ్మాయి. సొంతంగా గది లేదు పాపం. ఎవరు సెలవు పెడితే వాళ్ళ గదిలోకి వెళ్ళి కూర్చోవడమే ఆవిడ ఉద్యోగం. ఈ ఏడు అయ్యాక ఆవిడని ఉంచుకోవాలో పంపేయాలో పెద్ద మేడమ్ ఇంకా తేల్చుకోలేదు. ఈ ముక్క గుర్తుపెట్టుకో, మళ్ళీ దీని దగ్గరికే వస్తా.

జ్వరం తగ్గి వచ్చి తలుపు తీశా. గుండె ఆగినంత పనైంది.

నా గది నువ్వు చూశావుగా! గోడ పొడుగునా అరలు. అరల్లో డబ్బాలు. చెప్పుల డబ్బాలు, బిస్కెట్ డబ్బాలు, మందుల అట్టపెట్టెలు, ఎక్కడ ఏది దొరికితే అది ఇంటికి మోసుకొచ్చి, అన్నిటికీ ఒకే నీలం కాగితం అతికించి, ఒకే వరసలో పెట్టా. ఒక్క డబ్బా పక్కదాని కంటే వేలెడు ముందుకొస్తే నాకు అన్నం సహించదు. ప్రతిదాని మీదా నా అక్షరాలు. పెన్సిళ్ళు. రబ్బర్లు. కత్తెరలు. గుండీలు. పూసలు. లెక్కపుల్లలు. 'ళ్ళ' వొత్తు చూశావూ, నెమలి తోక విప్పినట్టుంటుంది. నువ్వు బోర్డుల మీద రాసే 'ళ్ళ' ఉందే... సరే, ఇవాళ వద్దులే. పనిమీద వచ్చా.

అలాంటి గది బావా! పెన్సిళ్ళ డబ్బాకి ముందు ఓ పెన్సిల్ ముక్క దారంతో వేలాడుతోంది. గుండీల డబ్బాకి గుండీలు అతికించారు. రబ్బర్లు అన్న మాటకి సరిగ్గా మధ్యలో, ఎవడో కొరికిన రబ్బరు! జిగురు డబ్బాకైతే ఖాళీ సీసా మూత, దాని చుట్టూ జిగురు, ఆ జిగురుకి చీమలు. నా నీలం కాగితం సగం చోట్ల చిరిగిపోయింది. డబ్బాలు ఒకటి ముందుకి, ఒకటి వెనక్కి, పెళ్ళి భోజనాల దగ్గర జనంలాగా.

"ఏంటమ్మా ఇది?" అన్నా. కోపం బయటికి కనపడకుండానే అన్నా. కనపడిందనుకో.

"పిల్లలకి ఏది ఎక్కడుందో తెలియట్లేదు సార్" అంది.

"తెలియకపోవడమేంటి? ఇంతింత అక్షరాలు రాసి పెడితే!"

ఆ పిల్ల నేల చూపులు చూసింది. జిగురంటిన వేళ్ళు చీరకొంగుకి తుడుచుకుంది. నెమ్మదిగా అంది. "చాలా బాగా రాశారు సార్. వాళ్ళకింకా చదవడం రాదు కదా సార్."

నవ్వకు! నవ్వకు బావా, నిచ్చెన ఊగుతోంది!

నిజమే కదా మరి. ఒకటో తరగతి. చదవడం వచ్చినవాళ్ళయితే నా దగ్గరెందుకు కూర్చుంటారు? చదవడం నేర్పడానికే కదా సర్కారు నాకు జీతమిస్తోంది! ఇన్నేళ్ళు, ఇన్ని బ్యాచులు, ఒక్కసారి, ఒక్కసారైనా నాకు తట్టాలా వద్దా? పైగా తలుపు పక్కన ఇంకో అట్ట. "అడగవద్దు. చదివి తీసుకొనుము." అదీ నా దస్తూరీయే. వాళ్ళకి చదవడం రాదన్న సంగతి పక్కనపెట్టు. చదవమని చెప్పే అట్ట కూడా చదివితేనే తెలుస్తుంది. అది చాలదన్నట్టు రోజూ నోటితో కూడా అరిచేవాణ్ణి. "అడక్కూడదు! చదువుకుని తీసుకోండి!" అని.

మరి గది అంత శుభ్రంగా ఎలా ఉండేదీ అంటావు. అంటావులే, నీ కళ్ళు అంటున్నాయి. నేనూ అదే ఆలోచించా. ఎవరూ ఏదీ ముట్టుకోకపోతే ఏ గదైనా శుభ్రంగానే ఉంటుంది బావా. నా పూసలు కొన్నప్పుడు ఎలా మెరిశాయో ఇప్పుడూ అలాగే మెరుస్తున్నాయి. బంకమట్టి డబ్బా తెరిచి చూస్తే లోపల ఇటుక. ఇటుకంటే ఇటుకే, దాంతో గోడ కట్టొచ్చు. పెద్ద మేడమ్ ఎవరొచ్చినా నా గదికే తీసుకొచ్చేవారు. "చూడండి, మా డబ్బాల మాస్టారి గది, బళ్ళో ఇంత పొందికైన గది ఇంకోటి లేదు" అనేవారు. నేను ఓ పక్కన నిలబడి, వినపడనట్టు నటిస్తూ, వినేవాణ్ణి.

టీయా? అక్కడ పెట్టమ్మా చెల్లీ. లేదు లేదు, మీ ఆయన్ని నేనేం విసిగించట్లేదు. నిచ్చెన పట్టుకున్నా అంతే. నువ్వెళ్ళు.

ఎక్కడున్నాం? ఆఁ. గుసగుస.

వెనక బెంచీ చివర కూర్చునే పిల్ల బావా. రెండు జడలుంటాయి, అందులో ఒకటి ఎప్పుడూ ఊడిపోయి ఉంటుంది. దాని గొంతు దాని పెదాలు దాటి రాదు, అందుకే బడంతా గుసగుస అనే పిలుస్తాం. బడి తెరిచిన దగ్గర్నుంచీ ఆ పిల్ల గోరంత పెన్సిల్‌తో రాస్తోంది. గోరంటే గోరే. పట్టుకోవడానికే ఉండదు, గోళ్ళతో గిల్లి పట్టుకుని, నాలుక బయటపెట్టి రాసేది. నేను చూసి పొంగిపోయా. పొద్దున ప్రార్థన దగ్గర దాన్ని అందరి ముందూ నిలబెట్టా. ఆ పెన్సిల్ ముక్క పైకెత్తి చూపించి, "పొదుపంటే ఇదిరా! చూసి నేర్చుకోండి!" అని బడి మొత్తం చేత చప్పట్లు కొట్టించా. ఆ పిల్ల ఏడ్చింది. నేను ఆనందబాష్పాలన్నా.

దానికి పెన్సిళ్ళ డబ్బా ఏదో తెలియదు బావా. అన్నీ నీలం డబ్బాలే. అడక్కూడదన్నారు సార్. చదవడం రాదు. ఇంకేం చేస్తుంది?

చిన్న టీచరమ్మ వచ్చిన రోజే దానికి కొత్త పెన్సిల్ దొరికింది. ఇప్పుడు డబ్బాకి దారంతో వేలాడుతోందే, ఆ ముక్క ఎవరిదనుకున్నావు? నేను దాని ముందు నిలబడి నోరు తెరుచుకుని చూస్తుంటే నా చొక్కా అంచు పట్టుకుని లాగింది. "సార్, అది నాదే" అంది. ఎంత గర్వమో ఆ మొహంలో!

సరే. కత్తెర సంగతి. కత్తెర వేలాడదీస్తే ఎవడి ముక్కైనా తెగుతుంది కదా, అందుకని చిన్న టీచరమ్మ ఆ డబ్బా ఒక్కటీ అలాగే ఉంచింది. "సార్, దీని మీద బొమ్మ మీరే గీయండి. అక్షరాలే ఇంత అందంగా రాసేవారికి బొమ్మలు ఇంకెంత బాగా వస్తాయో" అంది. వెటకారం కాదు బావా, నిజంగానే అనుకుంది. ఆ మాటకి నేను పడిపోయా. నలభై మంది పిల్లలు చుట్టూ చేరి చూస్తుండగా సుద్దముక్క పక్కన పెట్టి స్కెచ్ పెన్ను అందుకున్నా. వేళ్ళు పెట్టుకునే సున్నాలు పైన రెండు, కింద రెండు మొనలు, మధ్యలో మేకు చుక్క. కత్తెరంటే అంతేగా?

"కుందేలు!" అని అరిచారు అందరూ.

"కాదర్రా, కత్తెర" అన్నా.

"కుందేలు! కుందేలు! చెవులు చూడండి సార్!"

నేను తోక లేదు చూడండిరా అని వాదించా. ఒకడు వచ్చి తోక గీసి వెళ్ళాడు.

అప్పట్నుంచీ దాని పేరు కుందేలు డబ్బా. అయితే చిత్రం చూడు, ఒక్కడు కూడా పొరపాటు పడడు! కత్తెర కావాలా, తిన్నగా కుందేలు దగ్గరికే. పని అయ్యాక కుందేలు లోపలే పెడతారు. నా నెమలి వొత్తులు చేయలేని పని ఆ తోక కుందేలు చేస్తోంది. ఇవాళ ఏం జరిగిందో తెలుసా? గుసగుస నా బల్ల దగ్గరికొచ్చింది. గది గదంతా వినపడేలా అడిగింది. "సార్, కుందేలు డబ్బాలో కత్తెర తీసుకోనా?" అని. ఆ పిల్ల నన్ను నోరు తెరిచి అడిగిన మొదటి మాట అది. అడగవద్దని గోడకి అట్ట కట్టిన మనిషిని నేను. "తీసుకోమ్మా" అన్నా.

ఇప్పుడు అసలు కష్టం చెప్తా. కిందకి దిగు, టీ తాగు. ఆ కుంచె తీసెయ్. తీసేసినా మాట్లాడకు.

రేపు చుట్టుపక్కల బళ్ళ టీచర్లందరూ నా గది చూడటానికి వస్తున్నారు. తరగతి గదిలో వస్తువులు ఎలా అమర్చుకోవాలో నేను వాళ్ళకి చెప్పాలి. ఎప్పట్నుంచో సిద్ధం చేసుకున్నా. జిగురు సీసాలు తలకిందులుగా నిలబెట్టుకోండి, చివరి చుక్క దాకా వస్తుంది. స్కెచ్ పెన్నుల మూతలన్నీ ఓ అట్టకి అతికించేయండి, పెన్నే వెతుక్కుంటూ మూత దగ్గరికి వస్తుంది. అన్ని డబ్బాలకీ ఒకే రంగు కాగితం... ఆ సలహా ఇప్పుడు తీసేశాలే.

ఇవాళ మధ్యాహ్నం పెద్ద మేడమ్ గదిలోకొచ్చారు. ఆ వేలాడేవీ అతికించినవీ చూసి ముచ్చటపడిపోయారు. "మాస్టారూ, భలే ఆలోచన! మీకే తట్టాలి ఇలాంటివి!" అన్నారు.

నాది కాదని అప్పుడే అనాలి కదా?

"ఏదో, పిల్లల కోసం మేడమ్" అన్నా.

అబద్ధమా బావా? పిల్లల కోసమే కదా! 'ఏదో' అని కూడా అన్నా కదా! అలా చూడకు. చిన్న టీచరమ్మ అక్కడే నిలబడి ఉంది, చేతిలో దారం ఉండతో. ఓ పూసకి దారం ఎక్కిస్తూ ఉండిపోయింది. ఆ ఒక్క మాట నేను చెప్పి ఉంటే ఆవిడకి ఈ బళ్ళో ఓ గది దొరికేదేమో. చెప్పకపోతే ఇంకో ఊళ్ళో ఇంకెవరి సెలవు కోసమో ఎదురుచూస్తూ కూర్చోవాలి.

ఇంత తెలిసీ నేనేం చేశానో విను. బడి వదిలాక సంచీ తీసుకుని డబ్బాలన్నీ అందులో వేయడం మొదలెట్టా. నీ దగ్గరికి తెద్దామని. ఆ దారాలూ చీమలూ పీకేసి, వాటి చోట నువ్వు చక్కటి బొమ్మలు వేస్తే, అప్పుడది వేరే పద్ధతి అవుతుంది కదా? వేలాడేవి ఆవిడవి, బొమ్మలు నావి. నావంటే నీవి. నీవంటే, ఇంట్లో మనిషివి కాబట్టి, నావి.

పెన్సిల్ ముక్క ముడి విప్పుతున్నా. గుమ్మంలో గుసగుస. వాళ్ళమ్మ కోసం చూస్తోంది. నా చేతుల వంక చూసింది.

"మళ్ళీ కనపడకుండా చేస్తున్నారా సార్?" అంది.

ఈసారి గుసగుసగానే అంది.

అంతే బావా. ఇంకేం లేదు. అన్నీ తీసి మళ్ళీ అరల్లో పెట్టేశా. ఆ ముక్కని మళ్ళీ కట్టా, నా ముడి ముందున్న ముడంత బాగా రాలేదు. ఈ ఒక్క డబ్బా పట్టుకొచ్చా. ఇదిగో, చూడు.

నవ్వు. ఇప్పుడు నవ్వు, నిచ్చెన మీద లేవుగా. కడుపు పట్టుకుని నవ్వు.

ఏయ్, ఏయ్! ఆ కుంచె ఎందుకు తీస్తున్నావు? వద్దు! చెవులు తగ్గించకు. తోక ముట్టుకోకు. నువ్వు దాన్ని అచ్చం కత్తెరలా చేశావనుకో, రేపు నా పిల్లలకి కత్తెర దొరకదు!

మరి ఎందుకు తెచ్చావంటావా? దారిలో నాకూ తెలియలేదు. ఇక్కడికొచ్చాక తెలిసింది. రేపు అందరి ముందూ చెప్పాల్సిన మాట ఓసారి ఎవరి ముందైనా చెప్పి చూసుకోవాలి. మధ్యలో మాట్లాడని మనిషి కావాలి. నోట్లో కుంచె ఉండేవాడివి నాకు నువ్వొక్కడివే ఉన్నావు.

విను. గొంతు సవరించుకోనీ.

"అయ్యా, అమ్మా, ఈ గదిలో మీరు చూస్తున్న ఏర్పాటు నాది కాదు. మా చిన్న టీచరమ్మ చేశారు." బానే వచ్చింది కదూ? ఇక్కడ ఆగిపోవాలి. ఇంతే మాట. "మా చిన్న టీచరమ్మ చేశారు, నా పర్యవేక్షణలో..."

చూశావా! ఎక్కణ్ణుంచి వచ్చింది అది? నేను మంచం మీద మూలుగుతుంటే ఏం పర్యవేక్షణ?

మళ్ళీ. "ఇది నాది కాదు. చిన్న టీచరమ్మ చేశారు. అయితే డబ్బాలు సేకరించింది మాత్రం..."

ఛీ! ఉండు, ఇంకోసారి. "చిన్న టీచరమ్మ చేశారు. అక్షరాలు నావి." నిజమే కదా బావా, అక్షరాలు నావే కదా? అదైనా చెప్పుకోకూడదా?

కూడదంటావు. సరే.

ఎవరు చేసిన పని వాళ్ళదే అని చెప్పి, అక్కడితో నోరు మూసుకోవడం నాకింకా రాలేదు. ఒకటో తరగతి చదువే అది. రేపు గంట కొట్టేలోపు వస్తుందో రాదో తెలియదు. టీ అయిపోతే నిచ్చెన ఎక్కు బావా. నేను పట్టుకుంటా. మళ్ళీ మొదట్నుంచీ చెప్తా.